జంతికల గొట్టం చెప్పిన కథ

నేను ఇత్తడి జంతికల గొట్టాన్ని. మాది వినుకొండ. సంక్రాంతి నెల పట్టగానే అటక మీంచి దింపి, చింతపండుతో తోమి, నన్ను పనిలోకి దించుతారు.

పిండి నింపే గొట్టం, అడుగున చిల్లుల బిళ్ళ, పైనుంచి మరతో దిగే పిడి: నేనంటే ఇంతే. పిడి తిప్పితే పిండికి ఆ చిల్లొక్కటే దారి. నక్షత్రం చిల్లయితే జంతిక, సన్న చిల్లులైతే కారప్పూస. సన్న చిల్లుకు నువ్వుగింజ అడ్డం పడిందా, ఆ తీగ అక్కడే ఆగిపోతుంది. అందుకే కారప్పూసలో నువ్వులు వేయరు, వాము కూడా నూరి, వడగట్టిన నీళ్ళే పోస్తారు.

"తీగ తెగిపోతోంది అత్తయ్యా!"

"పిండి ఆరిపోయిందమ్మా. కాసిని నీళ్ళు చిలకరించి మళ్ళీ పిసుకు. ముద్ద మీద తడిగుడ్డ కప్పి ఉంచు."

ఆ అత్తగారి చేతికి తెలిసినంత నాకూ తెలియదు. నీళ్ళు ఎక్కువైతే చిల్లు దాటగానే గాడులు చెదిరిపోతాయి, జంతిక నూనె తాగేస్తుంది. వెన్న ఎక్కువైతే బాణలిలో విచ్చిపోతుంది. ముద్దలో గాలి చిక్కుకుంటే నూనెలో టప్పున పేలుతుంది. చిల్లు ఆకారాన్ని ఇస్తుందే కానీ నిలబెట్టదు. నిలబెట్టేది కాగిన నూనె. బుడగలు తగ్గాయంటే తడి పోయింది, జంతిక బిగిసింది.

నా చుట్టాలు చాలామందే ఉన్నారు. 1797లో ఇంగ్లండులో జోసెఫ్ బ్రామా సీసపు గొట్టాలు ఇలాగే వత్తి తీసే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. వైర్‌కట్ ఇటుకల యంత్రం మట్టిని పొడవాటి దిమ్మెగా తోస్తే, దాన్ని తీగతో కోస్తారు. పైపుల ఫ్యాక్టరీలో వేడి గొట్టం లోపల స్క్రూ తిరుగుతూ, ప్లాస్టిక్‌ను కరిగిస్తూ ఆగకుండా ముందుకు తోస్తుంది. నాలాగా మధ్యమధ్య ఆగి ముద్ద నింపుకోనక్కర్లేదు. చిల్లు నడుమ కడ్డీ నిలబెడతారు కాబట్టి ప్లాస్టిక్ దాని చుట్టూ సాగి బోలుగా వస్తుంది. డ్రిప్పు పైపయితే, అలా వస్తుండగానే డ్రిప్పర్లు లోపల అతుక్కుంటాయి. మిరప చేలో పరిచే మల్చింగ్ షీటు సన్నటి గుండ్రని సందులోంచి వస్తుంది. అందులోకి గాలి ఊది ఉబ్బించి, చల్లారాక చుట్టలు చుడతారు.

జంతికను నూనె, ఇటుకను బట్టీ బిగిస్తాయి. ప్లాస్టిక్‌ను మాత్రం చల్లదనమే బిగిస్తుంది. వేగిన జంతిక మళ్ళీ పిండి కాదు, కాలిన ఇటుక మళ్ళీ మన్ను కాదు. పైపు మళ్ళీ కరుగుతుంది, ఇంకో చిల్లులోంచి ఇంకో వస్తువై వస్తుంది. ఆ భాగ్యం నాకు ఎంతో గొప్పగా తోస్తుంది. అందుకే చినిగిన షీటును నల్లరేగడిలో కలిపి దున్నేస్తారని వింటే ప్రాణం ఉసూరుమంటుంది. ఈ ఇంటి పెద్దాయన కాయ కోతలు అయ్యాక కూలీలను పెట్టి షీటు ముక్కలన్నీ ఏరిస్తారు. పాత పైపులు చుట్టి, పాత సామాన్ల బండికి తూకానికి వేస్తారు.