ఆకలి మీద ఎఫ్‌ఐఆర్

నగరంలో వరసగా రెండిళ్ల తాళాలు పగిలితే చాలు, సాయంత్రానికల్లా టీవీ చర్చలో కారణం తేలిపోతుంది. ధరలు మండుతున్నాయి, ఉద్యోగాలు ఊడుతున్నాయి, కాబట్టి నేరాలు పెరుగుతున్నాయి. మర్నాడు పోలీసులు ప్రెస్‌మీట్ పెడతారు. బల్ల మీద నాలుగు గొలుసులు, రెండు సెల్‌ఫోన్లు, వెనక వరసలో ముఖాలకు నల్లగుడ్డ కప్పిన కుర్రాళ్లు. అక్కడ చదివే కాగితంలో ధరల ఊసు ఉండదు. జల్సాలకు అలవాటు పడి, సులభంగా డబ్బు సంపాదించాలనే దురాశతో అని ఉంటుంది. ఈ వాక్యం మొదట ఎవరు రాశారో గానీ, ఇచ్ఛాపురం నుంచి హిందూపురం దాకా ప్రతి స్టేషన్ రైటరుకూ కంఠతా వచ్చు. మేధావి లెక్కలో దొంగ తిండి లేక దొంగ. పోలీసు లెక్కలో తిండెక్కువై దొంగ. ఇద్దరికీ పేచీ లేనిది ఒక్క చోటే: దొంగ ఎటు తిరిగీ పేదవాడే.

ఈ సిద్ధాంతానికి పరీక్ష పెట్టాలంటే బందరును మించిన ఊరు లేదు. 1605లో డచ్చివాళ్లు, 1611లో ఇంగ్లీషువాళ్లు వెతుక్కుంటూ వచ్చిన రేవు ఇది. గోల్కొండ సుల్తానుల కాలంలో ఇక్కడి అద్దకం బట్ట పర్షియా దాకా వెళ్లింది. 1864 నవంబరు 1న ఉప్పెన వచ్చి సుమారు 30 వేల మందిని మింగింది. రేవు మేట వేసింది. రైలు జంక్షన్ బెజవాడకు దక్కింది. మహానగరంగా వెలిగిన ఊరికి చివరికి కోర్టులూ కచేరీలూ మిగిలాయి. పేదరికం నేరాన్ని కనేదే అయితే ఆ తర్వాతి అరవై ఏళ్లలో బందరు గజదొంగలకు పుట్టినిల్లు కావాలి. ఆ ఊరివాళ్లేమో 1902లో కృష్ణాపత్రిక పెట్టారు. 1910లో ఆంధ్ర జాతీయ కళాశాల పెట్టారు. 1923లో భోగరాజు పట్టాభిసీతారామయ్య ఏకంగా ఆంధ్రా బ్యాంకు పెట్టారు. చితికిపోయిన ఊరు బ్యాంకును కొల్లగొట్టాలి గానీ, బ్యాంకు పెట్టడమేమిటి?

ఆ బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయి, పేరు కూడా లేకుండా మాయమైంది. ఊరి సొత్తు అంత పెద్దది పోయినా ఏ స్టేషన్‌లోనూ కేసు పడలేదు. రేవు కథా అలాంటిదే. ఒకే ఓడరేవుకు 2008లో ఒక ముఖ్యమంత్రి, 2019లో మరొకరు, 2023లో ఇంకొకరు పునాదిరాయి వేసి వెళ్లారు. మొదటి రాయి వేసిన రోజు బడిలో ఉన్న పిల్లాడు మూడో రాయి నాటికి హైదరాబాదు బస్సెక్కేశాడు. వాడు అక్కడ ఏ కేసులోనైనా ఇరుక్కుంటే మాత్రం కృష్ణా జిల్లా వాసి అని పేపర్లో అచ్చవుతుంది. జిల్లాకు పేరు తెచ్చేది వాడొక్కడే మరి.

దివిసీమను కూడా సాక్షిగా పిలవాలి. 1977 నవంబరు 19 ఉప్పెనలో సర్కారు లెక్కలోనే పది వేల మందికి పైగా పోయారు. సొర్లగొంది లాంటి ఊళ్లు ఊళ్లుగా మిగల్లేదు. కూడూ గుడ్డా, గొడ్డూ గోదా అన్నీ సముద్రం పాలైన జనం, మన సిద్ధాంతకర్త మాట ప్రకారం, బెజవాడ మీద పడి దోచుకోవాలి. ఆ రోజుల్లో జోలె పట్టుకుని వీధుల్లోకి వచ్చింది ఎన్టీ రామారావు, అక్కినేని నాగేశ్వరరావు. నాగాయలంక, కోడూరు వైపు బతికి బయటపడ్డవాళ్లు శవాలు పూడ్చుకుని, ఉప్పు పట్టిన పొలాన్నే మళ్లీ దున్నుకున్నారు.

ఇంత ఎగతాళి చేశాక ఎదుటి పక్షానికీ న్యాయం చేయాలి. కరువొస్తే దొంగతనాలు పెరగవా? పెరుగుతాయి. 1876-78 మహా కరువులో మద్రాసు రాజధాని అంతటా ధాన్యం దోపిడీలు, బందిపోటు కేసులు పెరిగాయి. 1918లో ధరలు ఆకాశానికంటితే ఊరూరా అంగళ్లు లూటీ అయ్యాయి, మద్రాసు నగరం కూడా అట్టుడికింది. ఇంకా ముచ్చటైన లెక్క జర్మనీలోని బవేరియాది. పందొమ్మిదో శతాబ్దంలో అక్కడ రై ధాన్యం ధర పెరిగినప్పుడల్లా దొంగతనాలు పెరిగాయని ఆ కాలంలోనే గణకులు పసిగట్టారు. ఈ శతాబ్దంలో ఆర్థికవేత్తలు అవే చిట్టాలు మళ్లీ తిరగేశారు. రై ధర పెరిగితే బీరు ధర పెరిగింది, బీరు ధర పెరిగితే తాగడం తగ్గింది, తాగడం తగ్గితే కొట్లాటలూ తగ్గాయి. ఆకలి దొంగతనాన్ని పెంచింది, అదే కరువు తలలు పగలడాన్ని తగ్గించింది. ఈ రెండో సగం మన చర్చల్లో ఎప్పుడూ వినపడదు. ఎక్సైజు ఆదాయం మీద బతికే ప్రభుత్వాలకు అది రుచించే విషయం కాదు కదా.

అమెరికా వైపు చూస్తే కథ ఇంకా తలకిందులవుతుంది. 1960ల్లో ఆ దేశం కలిగినతనంలో ఓలలాడుతున్నప్పుడు నేరాలు పెరిగాయి. 2008లో బ్యాంకులు కూలి లక్షల కొలువులు పోయాక నేరాలు తగ్గాయి.

మన దేశపు జిల్లాల లెక్కలు తీసిన పరిశోధకులకు మరో సంగతి కనపడింది. వాన తక్కువైన ఏళ్లలో వరకట్న మరణాలు పెరిగాయి. కరువు చేయించిన ఆ నేరం నడివీధిలో జరగలేదు, నట్టింట్లో జరిగింది. చచ్చింది ఆ ఇంటి కోడలు. నగరానికి సీసీ కెమెరాలు పెంచాలని అరిచే చర్చలో ఆమె ప్రస్తావన రాదు.

ఆకలికీ నేరానికీ మన నేల మీద ముడివేసిన అసలు కథ ఎరుకలవాళ్లది. కోస్తాలో ఉప్పు కొని, గాడిదల మీదా ఎద్దుల మీదా వేసుకుని మెట్ట ఊళ్లకు మోసి, అక్కడి నుంచి ధాన్యం తెచ్చుకుని బతికిన సంచార వ్యాపారులు వాళ్లు. ఉప్పును సర్కారు తన గుత్తసొత్తు చేసుకుంది. రోడ్లు, రైళ్లు వచ్చి సరుకును ఎత్తుకుపోయాయి. అడవి చట్టాలు మేతను, వెదురును అడ్డుకున్నాయి. 1876 కరువు పశువులను తినేసింది. బేరం పోయినవాడికి మళ్లీ బేరం చూపించాలనే ఆలోచన దొరతనానికి రాలేదు. 1871లో పుట్టిన నేరస్థ తెగల చట్టాన్ని 1911లో సవరించి, మద్రాసు రాజధానికీ వర్తింపజేసి, జాతి మొత్తాన్నీ పుట్టు దొంగలని రాసేసింది. పిల్లాడు పాకడం మొదలుపెట్టక ముందే దస్త్రంలోకి ఎక్కేశాడు. 1913 ప్రాంతంలో బాపట్ల దగ్గర సాల్వేషన్ ఆర్మీ చేతిలో ఒక సెటిల్మెంటు పెట్టించి, మద్రాసు ప్రభుత్వంలోని పెద్ద అధికారి హెరాల్డ్ స్టూవర్ట్ పేరు పెట్టారు. అదే స్టూవర్టుపురం. పూటపూటా హాజరు వేయించుకోవాలి, ఊరు దాటాలంటే చీటీ కావాలి. చీరాల పొగాకు కంపెనీకి మాత్రం చవకగా కూలీలు దొరికారు. ఆర్థిక ఇబ్బందులు ఎవరికి తీరాయో దీన్నిబట్టి తెలుసుకోవచ్చు.

ఆ చట్టాన్ని 1952లో ఎత్తేశారు గానీ ముద్ర పోలేదు. నాలుగు దశాబ్దాల తర్వాత కూడా ఆ ఊరి పేరు పోస్టర్ల మీదికి ఎక్కింది, 1991లో చిరంజీవి సినిమా పేరులోనూ అదే. ఈలోగా బెజవాడ నాస్తిక కేంద్రం నుంచి లవణం, హేమలతా లవణం వెళ్లి ఏళ్ల తరబడి ఆ ఇళ్ల మధ్య కూర్చుని, చదువూ పనీ చూపించి, ఎందరినో ఆ బతుకు నుంచి బయటికి తెచ్చారు. సిద్ధాంతం చెప్పడం తేలికైన పని కాబట్టి వాళ్లు దాని జోలికి పోలేదు.

ఉప్పు మోసిన జాతిని దొంగల పట్టీలో చేర్చిన ప్రభుత్వమే, 1930లో బందరు తీరాన ఉప్పు వండినవాళ్లనూ జైల్లో వేసింది. అది ప్రపంచమంతా ఆర్థిక మాంద్యం నడుస్తున్న కాలం. డెల్టాలో ధాన్యం ధర కుప్పకూలింది, రైతులు అప్పుల్లో మునిగారు, జైళ్లు నిండాయి. సిద్ధాంతకర్త గనక గ్రాఫు గీస్తే పడిపోయే ధరా, పెరిగే ఖైదీలూ చక్కగా పొసగుతాయి. లోపలున్న ఖైదీలు వకీళ్లూ, మాస్టర్లూ, మోతుబరి రైతుబిడ్డలూ అన్న సంగతి గ్రాఫులో కనపడదు.

తొంభై ఏళ్ల తర్వాత సరిగ్గా అలాంటి గ్రాఫే మళ్లీ వచ్చింది. 2019లో దేశంలో నమోదైన నేరాలు 51,56,158. కరోనా వచ్చి పనులు ఆగిపోయిన 2020లో 66,01,285. ఒక్క ఏడాదిలో 28 శాతం పెరుగుదల! ఇంతకంటే రుజువేం కావాలి? పెరిగినదేమిటో చూస్తే మతిపోతుంది. ప్రభుత్వ ఉత్తర్వు ధిక్కరించారంటూ 188వ సెక్షన్ కింద పెట్టిన కేసులు 29,469 నుంచి 6,12,179కి ఎగబాకాయి. తెలుగులో చెప్పాలంటే, జనం గడప దాటారు. దొంగతనాలు, దోపిడీలు, ఇళ్లకు కన్నాలు మాత్రం ఆ ఏడాది తగ్గాయి. దేశం మొత్తంలో జేబు పూర్తిగా ఖాళీ అయిన జనం ఆ మే నెలలో విజయవాడ మీదుగా హైవే వెంట నెత్తిన మూటలతో ఒడిశాకు, బెంగాలుకు నడిచిపోయారు. తాడేపల్లి దగ్గర లాఠీలు వాళ్ల మీదే లేచాయి.

కేసుల నమోదు పెరగడం వేరు, నేరం పెరగడం వేరు అని జాతీయ నేర గణాంకాల సంస్థ తన నివేదికల్లో తనే రాస్తుంది. ఆ పేజీ దాకా ఓపిగ్గా చదివే యాంకరు ఇంకా పుట్టలేదు. అంకెలు ఎలా మారతాయో కృష్ణా జిల్లా వాళ్లకు బాగా తెలుసు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడగొట్టినప్పుడు విజయవాడ ఎన్టీఆర్ జిల్లాలోకి పోయింది, బందరు, గుడివాడ, దివిసీమ కృష్ణాలో మిగిలాయి. సరిహద్దు మారితే చాలు, నేరం చోటు మారకపోయినా కాగితం మీద జిల్లా లెక్క మారిపోతుంది. ఒక్క గెజిటు చేసిన ఆ పనిని ఏ ఎస్పీ చేయగలడు?

నేరానికి కావలసింది లేమి కాదు, చేతిలో ఆడే డబ్బు అని నిరూపించాలంటే సంక్రాంతికి గుడివాడ, కైకలూరు పరిసరాలకు రావాలి. పంట ఇంటికొచ్చి, ధాన్యం డబ్బులు పడ్డాక భోగి, పండగ, కనుమ మూడు రోజులూ కోడిపందేల బరులు లేస్తాయి. డేరాలు, ఫ్లడ్‌లైట్లు, ఎల్‌ఈడీ తెరలు, పక్కనే గుండాట, పేకాట. జూద నిరోధక చట్టం 1974 నుంచి ఉంది, జంతుహింస నివారణ చట్టం 1960 నుంచి ఉంది, పందేలు ఆపాలని హైకోర్టు 2016 డిసెంబరులో మళ్లీ గట్టిగా చెప్పింది. పండక్కి ముందు పోలీసులు కోడికత్తులు స్వాధీనం చేసుకుని ఫొటో దిగుతారు, నలుగురిని బైండోవర్ చేస్తారు. తర్వాత మూడు రోజులు అన్ని పార్టీల నాయకులూ ఒకే బరి దగ్గర కనపడతారు, రాష్ట్రంలో అఖిలపక్షం సజావుగా సాగే సందర్భం ఇదొక్కటే. కరువొచ్చి చేతిలో పైసా లేని ఏడు కోళ్లు కూడా నాలుగు రోజులు ఎక్కువ బతుకుతాయి. అయినా పంట పండింది కాబట్టి నేరాలు పెరిగాయని ఏ చానలూ చర్చ పెట్టదు. సంప్రదాయం పెరిగింది అంటారు.

మరి నిజంగా చితికినవాడు ఏం చేస్తున్నాడు? ఎదుటివాడి గొంతు నొక్కడం కంటే తన గొంతు నొక్కుకోవడమే ఎక్కువ. 2021లో దేశంలో ఆత్మహత్య చేసుకున్న 1,64,033 మందిలో 42,004 మంది రోజుకూలీలు. పెడన మగ్గాల ఇళ్లలో అప్పులకు కుటుంబాలే పోయిన వార్తలు పేపర్లలో వచ్చాయి. పొలం కౌలుకు చేసి, బ్యాంకు అప్పు పుట్టక, వడ్డీ వ్యాపారి దగ్గర సంతకం పెట్టినవాడు బందరు కోనేరు సెంటర్లో గొలుసు తెంచబోయినా వాడి అదృష్టం ఎలా ఉంటుందంటే, అది తప్పకుండా చిలకలపూడి రోల్డ్‌గోల్డే అయి ఉంటుంది.

పెద్ద సొత్తుల పద్ధతి వేరు. 2024 డిసెంబరులో బందరు దగ్గర ఒక ప్రైవేటు గోదాములో పేదలకు పంచాల్సిన రేషన్ బియ్యం వందల టన్నులు తగ్గాయని కేసు నమోదైంది. తప్పు ఎవరిదో కోర్టు తేలుస్తుంది గానీ, ఆకలికి తట్టుకోలేక అన్ని టన్నులు ఎవరూ తినలేరని చెప్పడానికి కోర్టు అక్కర్లేదు. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ అధినేత తానే రాసిన ఉత్తరంలో, ఖాతాల్లో చూపిన 5,040 కోట్ల నగదు అసలు లేనే లేదని ఒప్పుకున్నారు. అప్పుడు ఆర్థిక ఇబ్బందులు ఆ కంపెనీ వాటాలు కొన్నవాళ్లకు మొదలయ్యాయి.

డెల్టా ఇళ్లలో గట్టిగా తగిలింది అగ్రిగోల్డ్. విజయవాడ కేంద్రంగా 1995లో మొదలైన ఆ సంస్థ ఎనిమిది రాష్ట్రాల్లో సుమారు 32 లక్షల మంది దగ్గర 6,380 కోట్లు సేకరించింది. వసూలు చేసింది ముసుగు దొంగలు కాదు, వరసకు బాబాయో వదినో అయ్యే ఏజెంట్లు. కట్టింది నాట్లు వేసే కూలీలు, చేపలమ్మే ఆడవాళ్లు, పింఛను దాచుకున్న ముసలివాళ్లు. ఆర్థిక ఇబ్బందుల్లో ఉన్నవాళ్లు నేరం వైపు నడిచిన మాట ఇక్కడ అక్షరాలా నిజం, నెలనెలా వాయిదా కట్టడానికి దాని ఆఫీసుకే నడిచారు. కట్టిన సొమ్ము తిరిగి ఇవ్వకపోవడంతో సంస్థ ఛైర్మన్ 2016లో అరెస్టయ్యారు. 2019లో పది వేల లోపు కట్టినవాళ్లకు, 2021లో ఇరవై వేల లోపు కట్టినవాళ్లకు రాష్ట్ర ప్రభుత్వం ఖజానా నుంచి చెల్లించింది. అంటే జనం సొమ్ము పోతే జనం సొమ్ముతోనే పూడ్చారు. అంతకు మించి కట్టినవాళ్ల సంగతి జప్తులు, వేలాలు, కోర్టు వాయిదాల మధ్య ఏళ్ల తరబడి నలుగుతూ వచ్చింది.