పేరు మెదక్‌ది, కుర్చీ సంగారెడ్డిది

మిత్రదేశాలన్నీ ఒకే సమాఖ్యగా కలిసిపోవాలని ఊరించే పెద్దలు ఓసారి తెలంగాణలోని మెదక్ బస్సెక్కితే మంచిది. 1961 ఎన్నికలయ్యాక హైదరాబాద్ శాసనసభలో మూడింట రెండొంతుల మంది ఒప్పుకుంటేనే తెలంగాణను ఆంధ్రతో కలపమంది రాష్ట్రాల పునర్విభజన తేల్చిన 1955 నాటి ఫజల్ అలీ కమిషన్. ముహూర్తం దాటిపోతుందనేమో, 1956 ఫిబ్రవరిలోనే పెద్దమనుషులు ఒప్పందం రాసుకున్నారు, నవంబరు 1న పెళ్లయింది. 2014 జూన్ 2న ఎవరి పెట్టె వాళ్లు సర్దుకున్నారు. భాష ఒకటే కదా అంటారా? ఉద్యోగాల లెక్క దగ్గర తిట్టుకున్నదీ ఆ భాషలోనే. పెద్దదైతే బలమంటారా? జిల్లాకు పేరిచ్చిన మెదక్ వాళ్లే కలెక్టర్ సంతకానికి కాగితం చంకన పెట్టుకుని సంగారెడ్డి పోయేవారు. 2016 అక్టోబరు 11న జిల్లాను మూడు ముక్కలు చేశాకే ఆ కుర్చీ ఊళ్లోకొచ్చింది. ఇంతకీ సమాఖ్య రాజధాని ఎక్కడో చెబితే, సద్ది కట్టుకుంటాం.