ఒక్క రైలైనా లేటుగా నడపండి మహాప్రభో!

టోక్యో మహానగరంలో ఏదీ చెడిపోకుండా, ఏదీ ఆలస్యం కాకుండా కాపలా కాసే ఉన్నతాధికారి గారి దివ్యసముఖానికి,

మీ హోదా ఏమిటో, మీ ఆఫీసు ఏ అంతస్తులో ఉందో తెలియదు. కానీ ఆ ఊరు నడిచే తీరు చూస్తే అలాంటివారొకరు ఉండే తీరాలన్న నమ్మకంతో ఈ అర్జీ. 2024 జూన్‌లో నాలుగు రోజులు సరదాగా గడపడానికి గుంటూరు నుంచి మీ ఊరొచ్చిన ఒక జంట తరఫున దీన్ని దాఖలు చేయడమైనది. ఆయన బ్యాంకులో రిటైరయ్యారు. ఆవిడ హైస్కూల్లో లెక్కల టీచరు. పెళ్లయి ముప్ఫయ్యేళ్లు దాటింది. కాశీ వెళ్లినా, ఊటీ వెళ్లినా ఇద్దరిదీ ఎప్పుడూ ఒకే మాట. అన్యోన్యత ఉంది, కాదనలేం. దాంతోపాటు రెట్టింపు అడిగే ఆటోవాడూ ఉన్నాడు, మూడు గంటలు లేటయిన రైలుంది, లాడ్జిలో పనిచేయని గీజరుంది. ఇద్దరూ కలిసి తిట్టిపోయడానికి ఎవరో ఒకరు దొరికేవారు.

మీ ఊళ్లో ఆ ఒక్క సదుపాయం లేదు.

రైళ్ల సంగతే చూడండి. 2017 నవంబరులో మీ సుకుబా ఎక్స్‌ప్రెస్ రైలొకటి పొద్దున 9 గంటల 44 నిమిషాల 40 సెకన్లకు కదలాల్సింది, 20 సెకన్లు ముందే కదిలింది. ఫిర్యాదు చేసిన ప్రయాణికుడు ఒక్కడూ లేడు. అయినా ఆ సంస్థ బహిరంగంగా క్షమాపణ చెప్పుకుంది. పొరపాటున కొన్ని నిమిషాలు ఆలస్యమైతే, ఆఫీసులో చూపించుకోవడానికి స్టేషన్లోనే ధ్రువపత్రం ఇస్తారట. (ఆ పద్ధతి ఇక్కడ పెడితే చీటీలు రాసేవాడికి రైలెక్కే తీరిక ఉండదు.) ఇక యమనోతే లైను. 34.5 కిలోమీటర్లు, 30 స్టేషన్లు, ఊరి నడిబొడ్డు చుట్టూ గుండ్రంగా తిరుగుతుంది. ఆయన హడావిడిలో వ్యతిరేక దిక్కు వెళ్లే బండి ఎక్కించారు. ఆవిడ నోరు తెరిచేలోపే గుర్తొచ్చింది, అటు నుంచి వెళ్లినా దిగాల్సిన ఊయెనో వచ్చే తీరుతుంది, కాకపోతే కాస్త చుట్టు. తప్పు చేసిన మొగుణ్ణి కూడా గమ్యం చేర్చే రైలును ఏమని తిట్టాలి?

షింజుకు స్టేషన్ దగ్గర అసలు గొడవ మొదలైంది. రెండు వందలకు పైగా ద్వారాలున్న స్టేషన్ అది. కోవిడ్‌కు ముందు లెక్కల ప్రకారం రోజుకు 35 లక్షల మందికి పైగా వాడే స్టేషన్. అలాంటి చోట దారి తప్పడం ప్రతి యాత్రికుడి జన్మహక్కు. ఆయన తూర్పన్నారు, ఆవిడ పడమరన్నారు. అరగంట తిరిగాక తలెత్తి చూస్తే, పసుపు పచ్చ బోర్డు మీద బాణం గుర్తుతో సహా జవాబు నెత్తిమీదే వేలాడుతోంది. జపనీసులోనే కాదు, ఇంగ్లీషులోనూ ఉంది. తప్పు బోర్డుది కానప్పుడు మరెవరిది? ఆ ప్రశ్న మీద రాత్రి హోటల్లో పదకొండింటిదాకా విచారణ జరిగింది. తీర్పు ఇంకా రాలేదు.

ఇద్దరూ శాకాహారులు. సూపులో చేప, సాంబారనుకుని తాగబోయినదాంట్లో చేప, ఆకుకూర మీద చల్లిన పొడిలోనూ చేప. చివరికి వీధి చివర కొట్లో త్రికోణాకారపు అన్నం ముద్ద ఒకటి దొరికింది, లోపల ఉమెబోషి. ఉప్పులో ఊరేసి, ఎండలో పెట్టి తీసిన ఎర్రటి పుల్లటి కాయ. నాలుక్కి తగలగానే ఆవిడకు పుట్టింటి జాడీ మూత తీసినట్టయింది. తంటా అంతా పొట్లం విప్పడంలో వచ్చింది. అన్నానికీ పైనున్న నల్లటి సముద్రపు నాచు రేకుకీ మధ్య పల్చటి ప్లాస్టిక్ పొర ఉంటుంది, రేకు మెత్తబడకుండా. పైన 1, 2, 3 అని అంకెలు. ఒకటో నంబరు పట్టీని నడిమధ్య కిందికి లాగి, ఆ తరవాత రెండు, మూడు చెవుల్ని చెరో పక్కకి లాగితే రేకు తనంతట తానే అన్నానికి అతుక్కుంటుంది. ఆయన ముందు రెండోది లాగారు. రేకు సగం చిరిగి ప్లాస్టిక్‌లోనే ఉండిపోయింది, అన్నం ఒళ్లో పడింది.

“ఒకటి అంకె కనబడలేదా అండీ? ఎల్‌కేజీ పిల్లలకి కూడా ఒకటి తరవాతే రెండు!”

అయ్యా, ఆ అంకెలు అచ్చు వేయకపోయి ఉంటే, కట్టినవాణ్ణి ఇద్దరూ కలిసి తిట్టుకుని హాయిగా తినేవారు కదా. మనిషి చేతిలో అంత స్పష్టమైన సూచన పెట్టి, పక్కన లెక్కల టీచర్ని నిలబెట్టడం ఏం న్యాయం?

పోనీ మనసారా పోట్లాడుకుందామా అంటే ఆ వీలూ లేదు. మీ రైలు పెట్టెల్లో ఫోన్ మోగదు, మాట వినబడదు. తెలుగు పోట్లాటకు గొంతు కావాలి. గుసగుసలాడితే అది సరసమనుకుంటారు. మా భాష ఎవరికి తెలుస్తుందిలే అన్న ధైర్యమూ పోయింది. 2022 అక్టోబరులో మీ దగ్గర విడుదలైన మా తెలుగు సినిమా ‘ఆర్ఆర్ఆర్’ నెలల తరబడి ఆడింది. 2024 మొదట్లో, అందరూ ఆడవాళ్లే ఉండే మీ తకరాజుకా బృందం దాన్ని రంగస్థలం మీద పాటలతో సహా ఆడింది. భీమ్ వేషమూ, రామరాజు వేషమూ ఆడవాళ్లే కట్టారు. ఆ సినిమా అభిమాని ఒకరు పక్కసీట్లో కూర్చుని, ‘మీ అమ్మగారింటి బుద్ధి’ అన్న మాట పట్టేయరని హామీ ఏది?

ఆయన పార్కు బెంచీ మీద పర్సు మరిచిపోయినప్పుడు మాత్రం ఇద్దరి మొహాల్లోనూ వెలుగొచ్చింది. పర్సు పోయినందుకు కాదు, తిట్టడానికి ఒక దొంగ దొరికినందుకు. 1874 నుంచి టోక్యో వీధి మూలల్లో ఉంటున్న చిన్న పోలీసు గది, కోబాన్ అంటారు, దాని గుమ్మం ఎక్కుతూ ఆ దొంగను ఇద్దరూ ఒక్క గొంతుతో శపిస్తున్నారు. లోపల పోలీసు సొరుగు లాగి పర్సు బల్లమీద పెట్టాడు. నోట్లన్నీ ఉన్నాయి. దొరికినవారికి చట్టప్రకారం అయిదు నుంచి ఇరవై శాతం దాకా బహుమతి అడిగే హక్కుంది. వారు ఆ హక్కూ వద్దని, పేరైనా చెప్పకుండా వెళ్లిపోయారట. 2018 ఒక్క ఏడాదిలోనే టోక్యో పోలీసుల దగ్గరకు ఇలా చేరిన నగదు 380 కోట్ల యెన్లు దాటింది. కోబాన్ మెట్లు దిగుతుండగానే దొంగకోసం సిద్ధం చేసుకున్న తిట్లన్నీ ఆయన మతిమరుపు మీదికి మళ్లాయి.

ఈ జంటను నిలబెట్టింది అమెయోకో. ఊయెనోకీ ఒకాచిమాచికీ మధ్య, ఎత్తుమీద పరిగెత్తే రైలుపట్టాల పక్కనా కిందా ఉన్న బజారు. యుద్ధం ముగిశాక దొంగసరుకుల సంతగా పుట్టింది. ఆ వాసన ఇంకా పోలేదు, కొట్లవాళ్లు గొంతు చించుకుని పిలుస్తారు. ఓ చక్రాల సూట్‌కేసు మీద 6,800 యెన్లని చీటీ ఉంది. ఆవిడ కొట్టువాడి కాలిక్యులేటర్ లాక్కుని 5,000 నొక్కారు. అతను గుండె పట్టుకుని 6,500 నొక్కాడు. ఎవరూ చెప్పకుండానే ఆయన, “మనకొద్దు, పద,” అంటూ నాలుగడుగులు నడిచారు. ఆవిడ సూట్‌కేసు పిడి వదల్లేక వదిలినట్టు వదిలారు. వెనకనుంచి కేక. 5,800కి తెగింది. “ఇంకో మూడొందలు తగ్గేవాడే, దొంగ!” అని ఇద్దరూ ఒకేసారి అనుకుని, ఆ సాయంత్రమంతా నవ్వుతూ తిరిగారు.

కనుక కోరేదేమంటే, అమెయోకో శాఖ ఒకటి షింజుకులో తెరవండి. యమనోతే లైనులో రోజుకు ఒక్క బండిని, ఏ కారణమూ చెప్పకుండా, ఇరవై నిమిషాలు లేటుగా నడపండి. చీటీ మాత్రం ఇవ్వకండి.

మరొకటి. దేశం విడిచి వెళ్లేవారి దగ్గర మనిషికి వెయ్యి యెన్ల చొప్పున 2019 జనవరిలో మొదలైన పన్ను గురించి. దంపతులం కాబట్టి ఇద్దరికీ కలిపి పదిహేను వందలకి తెంపమని అడుగుదామని ఆవిడ విమానాశ్రయమంతా ఆ కౌంటర్ కోసం వెతికారు. అది టికెట్లోనే కలిపేశారని అప్పుడు చెప్పారు ఆయన. ముందే ఎందుకు చెప్పలేదని ఆవిడ, నన్ను అడిగావా అని ఆయన. విమానం మాత్రం టైముకే కదిలింది.

ఇట్లు,
ఆ జంట తిరిగొచ్చాక గుంటూరులో మధ్యవర్తిత్వానికి కూర్చున్న బంధుమిత్రులు