వరమిచ్చిన పోర్టల్, కరుణించని పీడీఎఫ్

ఏ కంపెనీ సాఫ్ట్‌వేర్‌నూ కొనకుండా ఎవరైనా తెరవగల, కంప్యూటరూ చదవగల ఫైలు రూపాన్ని ఓపెన్ ఫార్మాట్ అంటారు. సర్కారీ సమాచారం అలాగే ఉండాలని కేంద్రం 2012లో, తెలంగాణ 2016లో విధానాలు ప్రకటించి పోర్టళ్లూ తెరిచాయి. అయినా దేవుడు వరమిచ్చినా పూజారి కరుణించనట్లు, అచ్చు వేసి, సంతకం పెట్టి, ముద్ర కొట్టి, కాస్త వంకరగా స్కాన్ చేసిన పీడీఎఫ్‌కు, అంటే కాగితం ఫొటోకు, ఆఫీసుల్లో మర్యాద తగ్గలేదు. హైదరాబాద్‌లో ఫిలింనగర్ గ్రాఫిక్స్‌తో సముద్రాలనే పుట్టిస్తుండగా, దానికి దగ్గర్లోనే పెద్ద వానకల్లా మునిగే టోలిచౌకి నదీం కాలనీవాసి నాలాల పట్టికను అలాంటి ఫొటోలో వెతకబోతే, కంప్యూటర్‌కు ఒక్క అక్షరమూ దొరకదు. ఎక్సెల్‌లో పుట్టిన పట్టికను ఫొటోగా మార్చే శ్రమ మానుకొని, సీఎస్‌వీగా, అంటే కామాలతో విడదీసిన మామూలు అక్షరాలుగా పెడితే ఖజానాకు పైసా ఖర్చు కాదు.