వెర్షన్ బాబాయి

ప్రతి వంశంలోనూ ఓ పేకాట పిచ్చివాడు, ఓ కోర్టుపక్షి ఉన్నట్టే ఈమధ్య ఓ వెర్షన్ బాబాయి కూడా తయారవుతున్నాడు. బ్యాంకులోనో కరెంటాఫీసులోనో రిటైరై, మొదటి పింఛను చేతికి రాగానే కంప్యూటర్లో వంశవృక్షం మొదలెడతాడు. ఏడు తరాలు ఎక్కించేదాకా మామూలు మనిషే. ఆ తరవాత ఓ రోజు తెర మీద ‘కొత్త వెర్షన్ సిద్ధం’ అన్న ముక్క కనబడుతుంది. అంతే. పూర్వీకులెవరన్న గొడవ పోయి, వాళ్ళని ఏ వెర్షన్ ముందు తెరుస్తుందన్న గొడవ పట్టుకుంటుంది.

ఆయన బల్ల మీద ఓ ముసలి ల్యాప్‌టాప్ ఉంటుంది. అది నడుస్తుంటే పిండిమర పక్కన కూర్చున్నట్టే. అందులో 2002 నాటి వంశవృక్షాల ప్రోగ్రాము పర్సనల్ ఆన్సెస్ట్రల్ ఫైల్ 5.2. ఊరికే ఇచ్చిన అమెరికా మోర్మన్ చర్చివాళ్ళే 2013లో దాన్ని ఆపేశారు. బాబాయి ఆపలేదు. పక్కనే కూతురు కొనిచ్చిన కొత్త ల్యాప్‌టాప్‌లో గ్రాంప్స్ అనే ఇంకో వంశవృక్షాల ప్రోగ్రాము, పాతదీ కొత్తదీ రెండూ ఉంటాయి. పాత గ్రాంప్స్ సమాచారాన్ని బర్క్లీ డీబీలో దాచేదనీ, 5 వరస వచ్చాక ఎస్‌క్యూలైట్‌కి మారిందనీ ఎవరూ అడక్కుండానే చెబుతాడు. పాలబ్బాయికీ చెప్పాడు.

పరీక్ష ఎప్పుడూ కొత్త వెర్షన్‌తోనే మొదలు. మిషను అప్పుడే లేచి, యాంటీవైరస్ ఇల్లంతా వెతుక్కుంటున్న వేళ ఫైలు ఎక్కించి స్టాప్‌వాచ్ నొక్కుతాడు. తరవాత కాఫీ. తరవాత పాత వెర్షన్. అప్పటికి ఫైలు మెమరీలోకి చేరిపోయి ఉంటుంది గనక పాతదే గెలుస్తుంది. ఈ కిటుకు ఆయనకి తెలియక కాదు. వరస మార్చి చూడమంటే, “పెద్దవాళ్ళని ముందు పరుగెత్తించడం ఏం మర్యాదరా?” అంటాడు.

చిన్న ఫైలుతో తేడా తేలదట. బరువు కావాలి. బరువంటే మనుషులు. అందుకే ఏ పెళ్ళీ వదలడు. పప్పులో నెయ్యి పడేలోగా పక్క విస్తరాయన్ని “మీ అమ్మగారి పుట్టింటివారి ఇంటిపేరేమిటండీ?” అని పట్టుకుంటాడు. పాపం ఆయన వంటవాళ్ళ తాలూకు మనిషైనా సరే. మేనకోడలికి కవలలు పుట్టారని ఫోనొస్తే, “రెండు రికార్డులు!” అని సంబరపడ్డాడు. తల్లి ఎలా ఉందని అడగడం ఇంకో ఫోనులో జరిగింది.

అసలు మన చుట్టరికాల ముందు ఏ ప్రోగ్రామైనా చెమటోడ్చవలసిందే. మేనమామని చేసుకున్న పిల్లకి అమ్మమ్మే అత్తగారు. వాళ్ళ బిడ్డ వంశపటంలో ఆ ముసలావిడ ఒకచోట నాయనమ్మగా, ఇంకోచోట అమ్మమ్మకి అమ్మగా రెండుచోట్ల కూర్చుంటుంది. దత్తు వెళ్ళినవాడికి ఇద్దరు తండ్రులు, రెండు ఇంటిపేర్లు. తాత పేరే మనవడికి. బాబాయి పాత వెర్షన్ మొదట దొరికిన వరస చెప్పి ఊరుకుంటుంది. కొత్తది అన్ని దారులూ వెతికి, ఉన్న వరసలన్నీ చెబుతుంది. కాస్త ఆలస్యమైనా నా ఓటు కొత్తదానికే. బాబాయి ఒప్పుకోడు. “ఒక్కటడిగితే నాలుగు చెప్పేదాన్ని వాగుడుకాయ అంటారు.”

ఓసారి ఫైలుని పాత ఆన్సెల్ సంకేతంలో దాచాడు. అందులో తెలుగక్షరాలకి చోటు లేదు. అదే యూటీఎఫ్-8లో దాచుంటే ఇబ్బందే లేదు. వంశవృక్షాల ఫైళ్ళకి ప్రమాణంగా 2021లో వచ్చిన జెడ్‌కామ్ 7.0 అయితే అదే వాడి తీరాలంటుంది. బాబాయి ఫైలు తెరిచి చూస్తే ముత్తాతలందరూ ప్రశ్నార్థకాలై బారులు తీరి ఉన్నారు. మేమంతా ఘొల్లుమన్నాం. ఆయన మాత్రం స్టాప్‌వాచ్ మాకేసి తిప్పి, “ఎలా వస్తేనేం, ఎంత త్వరగా వచ్చారో చూశారా!” అన్నాడు.

మీ పందిట్లో ఇలాంటి బాబాయి కనబడితే పారిపోకండి. అమ్మమ్మ పుట్టింటిపేరు అడిగితే చెప్పేయండి, తెలియకపోతే అక్కడే ఓ పెద్దావిణ్ణి కనుక్కుని చెప్పండి. స్టాప్‌వాచ్ పట్టుకోమంటే మాత్రం పట్టుకోకండి. ఒక్కసారి పట్టుకున్నవాడికి తరవాతి వెర్షన్‌కి కూడా కబురొస్తుంది.