ఉసిరి చెట్టు కింద అరిటాకు బొమ్మ

కార్తీకమాసం రాగానే హైదరాబాద్ అపార్ట్‌మెంట్లకు అడవి గుర్తొస్తుంది. బాల్కనీలో తులసి మొక్కకు నీళ్లు పోయాలన్న సంగతి పనమ్మాయికి తప్ప ఎవరికీ పట్టని ఇళ్లలో కూడా ప్రకృతి మీద ప్రేమ పొంగి పొర్లుతుంది. వెంటనే ఒక వాట్సాప్ గ్రూపు పుడుతుంది. పేరు ‘వనభోజనాలు’, పక్కన మూడు చెట్ల బొమ్మలు. వనానికి సంబంధించిన చర్చ అక్కడితో ముగుస్తుంది. మిగతా నాలుగు వందల మెసేజీలూ భోజనం గురించే.

మచ్చుకు ఒక కుటుంబాన్ని ఊహించుకుందాం. బామ్మగారు, ఇద్దరు కొడుకులు, కోడళ్లు, ఒక అల్లుడు, మనవలు, పక్క ఫ్లాట్ల వాళ్లు, వెరసి పాతికమంది. ఎనభై కిలోమీటర్ల దూరంలో వికారాబాద్ అనంతగిరి కొండలు. గుడిలో అనంతపద్మనాభస్వామి దర్శనం, అడవిలో భోజనం, చీకటి పడేలోగా ఇల్లు. ఏడు కార్లు. ఏడింటిలోనూ ఏసీ. అద్దాలు దించితే అడవి గాలి లోపలికొస్తుంది కదా, అందుకని దించలేదు.

డిక్కీల్లోంచి దిగిన సామాను చూస్తే వాళ్లు అడవికి వచ్చారో, ఇల్లు ఖాళీ చేసి వచ్చారో తెలియదు. క్యాటరింగ్ వాడి పులిహోర, దద్దోజనం, మిర్చి బజ్జీలు, హౌసీ ఆడే చీటీలు, పిల్లల ట్యాబులు, అడవిలో నిశ్శబ్దం మరీ ఇబ్బంది పెడితే వాయించడానికి బ్లూటూత్ స్పీకరు. పెద్ద కోడలి స్టీలు గిన్నె మాత్రం విడిగా ఒళ్లో కూర్చుని వచ్చింది. పుట్టింటి వాళ్లు పెట్టిన సారె గిన్నె. గిన్నె మీదా, మూత మీదా పేరు కొట్టించి ఉంది.

బామ్మగారు తెచ్చుకున్నది ఒకే ఒక మూట. అందులో మోదుగాకు విస్తళ్లు. ఎండిన ఆకుల్ని గుండ్రంగా పేర్చి, ఈనె పుల్లలతో ఆమే కుట్టినవి. కాస్త నీళ్లు చిలకరిస్తే మెత్తబడతాయి, తిన్నాక మేకకు వేసినా మట్టిలో వేసినా వాటి దారి అవి చూసుకుంటాయి. “అత్తయ్యా, ఇందులో సాంబారు కారిపోతుంది కదా” అంది చిన్నకోడలు. “ముందు అన్నం గట్టు కట్టుకోవాలమ్మా” అంది బామ్మగారు. గట్టు కట్టే విద్య యూట్యూబ్‌లో వెతికే తీరిక లేక మూట మళ్లీ కారెక్కింది.

బదులుగా పేపర్ ప్లేట్లు దిగాయి. ఆకుపచ్చగా, ఈనెలతో సహా అచ్చు అరిటాకు బొమ్మ. అన్నట్టు ఈ కుటుంబం చట్టానికి కట్టుబడిన కుటుంబం. 2022 జూలై 1 నుంచి దేశమంతటా ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువుల్లో 19 రకాలు నిషేధం. పళ్లేలు, గ్లాసులు, చెంచాలు, స్ట్రాలు అందులో ఉన్నాయి. కాబట్టి ప్లాస్టిక్ పళ్లెం ముట్టుకోరు. అరిటాకు బొమ్మ మీద సాంబారు నిలవడానికి అంటించిన పల్చటి పొర ఏమిటో, కాగితం కప్పులో టీ ఒళ్లోకి కారకుండా ఆపేది ఏమిటో ఎవరూ అడగలేదు. పేరులో పేపరుంది, అది చాలు. నీళ్ల సీసాలూ, చిప్స్ ప్యాకెట్లూ ఆ జాబితాలోనే లేవు గనుక వాటి విషయంలో మనస్సాక్షి మరింత నిర్మలం.

ఇక అసలు ఘట్టం, ఉసిరి పూజ. ఉసిరికి ధాత్రి అని పేరు. ఆ చెట్టు నీడలో దీపం పెట్టి, అక్కడే వండుకు తినడం కార్తీక వనభోజనం. ఈ రోజుల్లోనే కాయ పక్వానికొస్తుంది, చెట్టు వెతుక్కుంటూ వెళ్లాల్సిన సమయం ఇదే. అల్లుడుగారు వెతికారు. సన్నటి ఈకల్లాంటి ఆకులున్న చెట్టు కనిపించగానే పసుపు కుంకుమలు పెట్టించి, కొబ్బరికాయ కొట్టించి, ఇరవై సెల్ఫీలు తీయించారు. చివర్లో బామ్మగారు నింపాదిగా అంది: “బాబూ, అది ఉసిరి కాదు, సుబాబుల్.” ఎక్కడో మధ్య అమెరికాలో పుట్టి మన బంజర్లను ఆక్రమించిన చెట్టు అది. దానికీ జన్మలో ఒకసారి పూజ జరిగింది. ఫొటోలు అప్పటికే గ్రూపులో పడిపోయాయి కాబట్టి దాన్ని ఉసిరిగానే ఉంచేశారు.

తర్వాత మొక్కలు నాటే కార్యక్రమం. అడవిలో మొక్కలెందుకని ఒక మనవడు అడిగాడు గానీ, వాడికి ఫొటో విలువ తెలియదు. నర్సరీ నుంచి తెచ్చిన అయిదు మొక్కల్నీ నల్ల కవర్లతో సహా పాతారు. కవరు తీస్తే మట్టి రాలి చీరలు పాడవుతాయి.

ఇంత జరుగుతున్నా బాధ్యతగా పనిచేసినవి కోతులే. జనం చుట్టి కట్టిన ప్లేట్ల కవర్లు విప్పి, అన్నం, అరటితొక్క తినేసి, కప్పులూ సీసాలూ పక్కకు విసిరేశాయి. తడిచెత్త, పొడిచెత్త వేరు చేయాలని మున్సిపాలిటీ వాళ్లు ఎన్నాళ్లుగా మొత్తుకుంటున్నా అపార్ట్‌మెంటులో జరగని పని అది.

పెద్దకొడుకుకు మూసీ అంటే ప్రాణం. టీవీలో మూసీ ప్రక్షాళన చర్చ వస్తే అన్ని పార్టీలనూ సమంగా తిడతాడు. భోజనమయ్యాక చెయ్యి కడుక్కుంటూ ఆ మాటే ఎత్తాడు. “నదిని మురిక్కాలవ చేశారు వెధవలు” అంటూ ఖాళీ సీసాను వాలులోకి విసిరాడు. ఆ వాలు ఎక్కడికి పోతుందో చెప్పే బోర్డు అక్కడ లేదు. మూసీ పుట్టేది ఈ అనంతగిరి కొండల్లోనే. ఇక్కడ వాన పడితే వాగులు దిగి నదిగా తూర్పుకు నడిచి గండిపేటలో ఆగుతాయి. 1908 సెప్టెంబరులో మూసీ పొంగి హైదరాబాద్‌ను ముంచేశాక, మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహా మీద కట్టిన జలాశయం అది. 1920లో పూర్తయింది. ఇవాళ నగరం దాహం తీర్చడంలో మంజీర, కృష్ణ, గోదావరుల వంతు పెద్దదే అయినా, గండిపేట నీళ్లు తాగినవాణ్ణని చెప్పుకునే గర్వం పెద్దకొడుకుకు తగ్గలేదు. ఆయన విసిరిన సీసాకు కూడా ఊరి దారి తెలుసు. కాకపోతే కార్లంత తొందర దానికి లేదు, వచ్చే వానాకాలం దాకా ఆగుతుంది.

సాయంత్రం బయల్దేరే ముందు మనవరాలొకతి, “ఇవన్నీ ఎవరు తీస్తారు?” అంది. “వాళ్లు తీస్తార్లేమ్మా” అన్నారు పెద్దలంతా ఏకకంఠంతో. ‘వాళ్లు’ అంటే ఎవరో అడిగేలోగా కారు తలుపు పడింది.

రాత్రి పదింటికి గ్రూపులో రెండు వందల ఫొటోలు, ‘ప్రకృతి ఒడిలో’ అని అల్లుడుగారి కవిత. అంతలో పెద్ద కోడలి మెసేజి: “మా స్టీలు గిన్నె మూత ఎవరింటికైనా వచ్చిందా?” అరగంటలో ముప్ఫై జవాబులు. అందరూ డిక్కీలు తెరిచారు, సీట్ల కింద టార్చి వేశారు. చివరికి పక్క ఫ్లాటు కుర్రాడు ఒక సెల్ఫీని పెద్దది చేసి ఎర్రగీత చుట్టి పంపాడు. సుబాబుల్ చెట్టు మొదట్లో అరిటాకు బొమ్మల గుట్ట. గుట్ట పక్కన మూత. మూత మీద పేరు స్పష్టంగా చదవడానికొస్తోంది.

ఆదివారం పొద్దున్నే రెండు కార్లు మళ్లీ అనంతగిరికి బయల్దేరాలని తీర్మానమైంది. మూత కోసం.