మీట నొక్కి యాపి: ఒక పాసు పద్యానికి టీకా తాత్పర్యం

అవతారిక

ఎలక్ట్రిక్ ఫుట్‌బాల్ అని బల్లమీద ఆడే ఆట ఒకటుంది. ఫుట్‌బాల్ అంటే ఇక్కడ అమెరికావాళ్ళది. పేరు కాలిది, పని చాలావరకు చేతులది. ఎమ్‌ఐటీలో ఇంజనీరింగ్ చదివిన నార్మన్ సాస్, తండ్రి నడిపిన ట్యూడర్ అనే బొమ్మల కంపెనీని చేతిలోకి తీసుకుని, 1940ల చివర న్యూయార్క్‌లో దీన్ని తయారుచేశాడు. పచ్చరంగు వేసిన రేకు మైదానం, దాని అడుగున ఒక మోటారు. మీట వేస్తే రేకంతా వణుకుతుంది. దాని మీద నిలబెట్టిన ఇరవై రెండుమందీ జల్లెడలో మినుముల్లా కదులుతారు.

బంతి పట్టుకుని పరుగెత్తే ఆటలకు ఈ వణుకు బాగానే సరిపోతుంది. ఒకడు తోస్తాడు, ఒకడు అడ్డుపడతాడు, అందరూ ఒక గుట్టగా చేరతారు. అసలు మైదానంలోనూ జరిగేది అదే. చిక్కల్లా పాసు దగ్గర, అంటే బంతిని ముందుకు విసిరి తమవాడికి అందించే చోట. ఆ చిక్కును చెప్పేదే ఈ ఆటవెలది. కవి ఈ టీకాకారుడే గనుక కవిహృదయం కోసం వెతుక్కునే శ్రమ లేదు. తప్పు దొరికితే నెపం వేయడానికి మరొకరు లేరన్నదొక్కటే ఇబ్బంది.

మీట నొక్కి యాపి మేటి వీరునిఁ దెచ్చి
దూది బంతి నతని దోసి టుంచి
వేలఁ జెయ్యి మీట విసరఁగాఁ దగిలిన
పట్టె నందురయ్య పాసు వాఁడు

ప్రతిపదార్థం

మీట = స్విచ్చును; నొక్కి = వేలితో అదిమి; ఆపి = ఆటను (ఆటతోపాటు కాలాన్ని కూడా) నిలిపి; మేటి వీరునిన్ = భారీ క్వార్టర్‌బ్యాక్ (పాసు విసిరేవాడి) బొమ్మను; తెచ్చి = పెట్టెలోంచి తీసి, మైదానంలో ఉన్న అసలు క్వార్టర్‌బ్యాక్ చోట నిలబెట్టి; దూది బంతిన్ = మెత్తటి చిట్టి బంతిని; అతని దోసిటన్ = ఆ బొమ్మ చేతిలో; ఉంచి = (రెండు మూడుసార్లు కింద పడ్డాక) కుదిర్చి; వేలన్ = వేలితో; చెయ్యి = దాని చేతిని; మీటన్ = వెనక్కి లాగి వదలగా; విసరఁగాన్ = ఆ చెయ్యి బంతిని విసరగా; తగిలినన్ = తగిలితే (ఏ భాగానికో కవి చెప్పలేదు); పాసున్ = పాసును; వాఁడు = తగిలించుకున్నవాడు; పట్టెను = పట్టాడు; అందురు = అని అంటారు; అయ్య = ఓ అయ్యా!

తాత్పర్యం

ఆట ఆపి, మనిషిని మార్చి, నిలుచున్నవాడికి గురిచూసి కొట్టి, దాన్ని పాసు అంటున్నారు.

విశేషాలు

మేటి వీరుని: ఇతని బిరుదు ట్రిపుల్ త్రెట్ క్వార్టర్‌బ్యాక్. చేత్తో విసురుతాడు, కాలితో తంతాడు, పరుగూ తీస్తాడు. మిగతావాళ్ళ పక్కన నిలబెడితే పిల్లల మధ్య మేష్టారిలా ఉంటాడు. అంతవరకు మైదానంలో ఉన్నవాడు ఏమయ్యాడని పూర్వపక్షి అడుగుతాడు. పరకాయప్రవేశమని సమాధానం చెప్పుకోవాలి. 1967లో లీ పేన్ మలిచిన బొమ్మలతో, నేషనల్ ఫుట్‌బాల్ లీగ్ జట్ల రంగులతో ట్యూడర్ పెట్టెలు వచ్చాక బొమ్మలకు మనిషి పోలిక బాగా వచ్చింది. పాసు మాత్రం పాత పద్ధతిలోనే ఉండిపోయింది.

దూది బంతి: దూది అన్నది గణం కోసం. ఫెల్టు అని చదువుకోవాలి. గోరంత ఉంటుంది. ఫ్యాను కింద ఆడకూడదు.

ఆపి: పద్యానికి ప్రాణం ఈ పదమే, దోషమూ ఇందులోనే ఉంది. పాసు నిజంగా లేదని మొరపెట్టేవాళ్ళు బంతిని, చేతిని, గురిని తప్పుపడతారు. వాళ్ళ దృష్టి అసలు చోట లేదు. లోపం గురిలో కాదు, కాలంలో ఉంది. మీట నొక్కి ఆపగానే పట్టేవాడు శిల, అడ్డుకునేవాడు శిల, విసిరేవాడికి మాత్రం సాయంత్రం దాకా సమయం. అసలు మైదానంలో క్వార్టర్‌బ్యాక్‌కు రెండు మూడు సెకన్లు దక్కితే గొప్ప. పైగా అతను మనిషికి విసరడు, ఖాళీ చోటుకు విసురుతాడు. ఆ చోటికి మనిషి వచ్చి చేరతాడు.

దీనికి దృష్టాంతం: 1958 డిసెంబరు 28న యాంకీ స్టేడియంలో బాల్టిమోర్ కోల్ట్స్ అదనపు సమయంలో 23–17తో న్యూయార్క్ జెయింట్స్‌ను ఓడించి ఛాంపియన్లయ్యారు. కోల్ట్స్ క్వార్టర్‌బ్యాక్ జానీ యునైటస్ విసిరినవాటిలో పన్నెండు పాసులు రేమండ్ బెర్రీ పట్టాడు, మొత్తం 178 గజాలు. ఇద్దరూ సాధన పూర్తయ్యాక కూడా మైదానంలో ఉండిపోయి ఒకే దారిని మళ్ళీ మళ్ళీ నడిచి కాలం కుదుర్చుకున్నవాళ్ళు. బెర్రీ మళ్ళడానికి ముందే బంతి గాలిలో ఉండేది. బల్లమీద పద్ధతిలో అయితే యునైటస్ బెర్రీని ఉన్నచోట నిలబెట్టి వీపుకు గురిపెట్టి కొట్టాలి.

తగిలిన: వీపుకు తగిలినా, హెల్మెట్‌కు తగిలినా, కింద ఉన్న పీటకు తగిలినా పట్టినట్టే. అవతలివాడికి తగిలితే ఇంటర్‌సెప్షన్, అంటే బంతి వాళ్ళదే. తగలకపోతే ఏమిటో కవి చెప్పకుండా వదిలేశాడు. ఇప్పుడైతే ఒక డౌన్ (ఒక ప్రయత్నం) పోతుంది, అంతే. ముందుకు విసిరే పాసును మొదట అనుమతించిన 1906లో సంగతి వేరు. ఎవరికీ తగలకుండా నేల పడితే బంతే అవతలి జట్టుకు పోయేది. ఆ సెప్టెంబరు 5న విస్కాన్సిన్‌లోని వాకెషాలో సెయింట్ లూయీ యూనివర్సిటీ ఆటగాడు బ్రాడ్‌బరీ రాబిన్సన్ వేసిన మొదటి పాసు అలాగే నేలపాలైంది. తర్వాత అదే ఆటలో జాక్ ష్నైడర్‌కు అందించాడు. ఆ కాలపు రూలు బల్లమీద పెట్టి చూడండి, మేటి వీరుణ్ణి పెట్టెలోంచి తీయడానికే చెయ్యి వెనకాడుతుంది.

ఇక్కడ ఇద్దరు పూర్వపక్షులు లేస్తారు. ఒకడు పాసు ఫలితం తేల్చడానికి పాచికలు వేయమంటాడు. ఫలితాలు లెక్కకు బాగానే కుదురుతాయి గానీ అప్పుడు రేకూ మోటారూ ఎందుకు? రెండోవాడు విసరడమే మానేసి కొలపుల్లతో దూరాలు కొలిచి తీర్పు చెప్పమంటాడు. కొన్ని లీగులవాళ్ళు అలా ఆడతారు, న్యాయంగానూ ఉంటుంది. కానీ వేలికి పని లేకుండా పోతుంది. గదిలో కూర్చుని భూమి సర్వే చేసినట్టుంటుంది.

సిద్ధాంతం: వరుస తిరగెయ్యాలి. ముందు రెండు జట్లూ తమ బొమ్మల పీటల్లో ఉన్న డయళ్ళు తిప్పి ఎవరి దారి వాళ్ళు నిర్ణయించుకోవాలి. తర్వాత మేటి వీరుడి చేత ఖాళీ మైదానంలోకే బంతి వేయించాలి. అది పడ్డచోట బంతి తీసేసి, పీట జారిపోయేటంత పల్చని చుక్క స్టిక్కరు అంటించాలి. ఇక ఎవరూ డయలు ముట్టుకోకూడదు. అప్పుడు మీట వేసి పైకి లెక్కపెట్టాలి. రెండు అనేలోపు అవతలివాడు క్వార్టర్‌బ్యాక్ పీటను తాకితే శాక్, బంతి చెల్లదు. రెండుకూ నాలుగుకూ మధ్య మనవాడి పీట చుక్క మీదికి వస్తే పాసు పట్టినట్టు, అక్కడినుంచి పరుగు సాగించవచ్చు. అవతలివాడు ముందొస్తే ఇంటర్‌సెప్షన్. ఎవరూ రాకపోతే, వచ్చినా పొద్దు దాటి వస్తే, నేలపాలు.

బంతి వేసేశాక విసిరినవాణ్ణి పడగొట్టడమేమిటి, ఫలం ముందా కారణం వెనకా అని తార్కికులు పట్టుకుంటారు. తర్కంలో ఇది దోషమే, ఒప్పుకోక తప్పదు. కానీ మూడు అంటుండగా మనవాడు చుక్క వైపు తిరగడం, అవతలివాడు వెనకనుంచి రేకు గరగరలాడుతుండగా దగ్గరవడం చూస్తే, బల్ల చుట్టూ కూర్చున్నవాళ్ళెవరికీ తర్కం గుర్తుండదు.

అందురు: కర్త లేని బహువచనం. ఎవరంటారని అడిగితే ఆ పాసుతో ఆరు పాయింట్లు వచ్చినవాళ్ళు.

వాఁడు: అంతా కుదిరినా కడపటి చిక్కు వీడే. పీట అడుగున సన్నని ప్లాస్టిక్ పుల్లలుంటాయి. వణుకుకు అవి కొద్దికొద్దిగా తోస్తేనే బొమ్మ నడిచేది. డయలు తిప్పితే దారి వంపు తిరుగుతుంది, అంతే. బెర్రీలా ఒక్క అడుగులో పక్కకు మళ్ళడం ఏ బొమ్మకూ రాదు. కొందరు సన్నని పట్టకారుతో పుల్లలు వంచి వంకర సరిచేస్తారు. ఒక పుల్ల ఎక్కువ వంగితే వాడు ఉన్నచోటే బొంగరమవుతాడు. కాబట్టి రానిదాన్ని నేర్పబోకుండా, ఒక్కొక్కణ్ణీ ఒంటరిగా నాలుగైదుసార్లు నడిపించి, ఎటు ఒరుగుతాడో పీట వెనక పెన్సిలుతో గుర్తుపెట్టుకోవాలి. ఎడమకు ఒరిగేవాణ్ణి కుడి అంచున నిలబెట్టి, బంతి మధ్యలోకి వేయాలి.